ముందు బండి ఎవరిది

వియెత్ చీ ఊళ్ళో నది గట్టు మీద మావ్ అవ్వ టీ కొట్టు ముందు ఆ సాయంత్రం మోటారు సైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి. వాటి యజమానులు బుల్లి ప్లాస్టిక్ పీటల మీద మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చుని, ఏదో దేశాన్ని జయించడానికి బయల్దేరుతున్న సేనానుల్లా మ్యాపు చుట్టూ మూగారు. ఒక్కొక్కడి ఒంటి మీద తోలు కోటు, మోచేతులకి కవచాలు, మోకాళ్ళకి కవచాలు. వాళ్ళ ఇళ్ళ నుంచి ఈ టీ కొట్టుకి గట్టిగా రెండు వీధులు. ఆ రెండు వీధుల్లో ఏ లోయలో పడిపోతామని భయమో మరి!

కొత్త ఏడాది తెత్ పండగ వెళ్ళి వారం దాటింది. వాకిళ్ళలో పండగకి పెట్టిన పీచ్ కొమ్మలు పూలు రాల్చేస్తున్నాయి. పొద్దుటి నుంచీ సన్నటి జల్లు, గొడుగు వేసుకుంటే నవ్వుతారు, వేసుకోకపోతే తడిసిపోతారు. ఏటా సరిగ్గా ఈ రోజుల్లోనే ఈ వెండిమబ్బు బృందం ఉత్తరాన కొండల్లోకి బయల్దేరుతుంది. దోంగ్ వాన్ రాతి కొండల మధ్య ప్లమ్ చెట్లు తెల్లగా పూస్తాయి. మా పీ లెంగ్ కనుమ మీద బళ్ళు ఆపుకుని, కింద లోయలో న్యో క్వే నదిని చూసి, ఫోటోలు దిగి, మొక్కజొన్న సారా తాగి, వచ్చి పన్నెండు నెలలపాటు దాని గురించే మాట్లాడతారు.

లూవా రోడ్డుకి అవతల తన స్కూటర్ ఆపి హెల్మెట్ తీసింది. ఆమె చొక్కా మీద, ఎడమవైపు గుండె దగ్గర, మైలకి గుర్తుగా పిన్నీసుతో గుచ్చిన చిన్న నల్లగుడ్డ ముక్క ఉంది. భర్త కియెన్ పోయి నాలుగు నెలలు దాటింది. ఈ బృందాన్ని కట్టినవాడూ, పద్నాలుగేళ్ళు ముందు బండి నడిపినవాడూ అతనే. పద్నాలుగేళ్ళూ ఆ ముందు బండి మీద అతని వెనక కూర్చున్నది లూవాయే.

కూర్చున్నది నిజమే. చూసింది మాత్రం ఏమీ లేదు. ఇది ఎవరికీ తెలియదు. కనుమ మొదటి మలుపు రాగానే ఆమె కళ్ళు మూసుకునేది. మొహం అతని వీపుకి ఆనించి, నడుం చుట్టూ చేతులు బిగించి, బండి ఆగేదాకా ఊపిరి కూడా పొదుపుగా తీసేది. బండి ఆపినచోట కూడా లోయ వైపు వీపు పెట్టి నిలబడేది. "నది చూశావా?" అని కియెన్ ఏటా అడిగేవాడు. "చూశాను, పచ్చగా ఉంది" అనేది. ఫోటోల్లో చూసిన రంగే చెప్పేది. ఆస్పత్రి మంచం మీద చివరి రోజుల్లో కూడా అతను ఆ నది సంగతే తీశాడు. "నువ్వు చూశావు కదా, అది చాలు నాకు" అన్నాడు. ఆ మాట ఆమె లోపల ముల్లులా దిగబడిపోయింది. ఈ ఏడు వెళ్ళాలి, కళ్ళు తెరుచుకుని చూడాలి. ఏడాది తిరిగి సంవత్సరీకం నాడు అగరుబత్తి వెలిగించినప్పుడు అతనితో ఒక్క నిజమైనా చెప్పాలి. ఆమెకి కావలసింది అంతే.

రోడ్డు దాటి వచ్చి మధ్యలో ఉన్న ఖాళీ పీట లాక్కుని కూర్చుంది.

పుచ్చగింజలు కొరుకుతున్న తువే నోరు సగంలో ఆపేశాడు. తువే పాతబళ్ళు కొని అమ్ముకునేవాడు. ఎక్కడ నలుగురు చేరినా నవ్వించే బాధ్యత తన నెత్తిన వేసుకుంటాడు. అతని పక్కన హాన్ ఉంది, బట్టల కొట్టు నడుపుతుంది. కియెన్ అంత్యక్రియల్లో సొంతవాళ్ళ కన్నా గట్టిగా ఏడ్చిన మనిషి. ఇప్పుడు ఆవిడ గభాలున టీ గ్లాసులోకి తొంగిచూసింది, అందులో ఏదో పడినట్టు.

"రా చెల్లెమ్మా, రా రా! నీ గురించే అనుకుంటున్నాం" అన్నాడు క్వాంగ్. కియెన్ పోయాక బృందానికి పెద్ద తనేనని తనే ప్రకటించుకున్న మనిషి. జిల్లా ఆఫీసులో ఏదో సెక్షన్‌కి అధికారి. మీటింగులో మాట్లాడినట్టే టీ కొట్టులోనూ మాట్లాడతాడు. అతని కోటుకి ఉన్నన్ని జేబులు ఊళ్ళో పోస్టాఫీసుకి కూడా లేవు.

"నా గురించి అనుకుంటుంటే నన్ను పిలవలేదేం అన్నయ్యా?"

"అబ్బే, ఈ చలిలో, ఈ జల్లులో నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

మావ్ అవ్వ వేడి టీ ఒక గ్లాసు, వేరుశెనగ చిక్కీ రెండు ముక్కలు తెచ్చి లూవా ముందు పెట్టి వెళ్ళింది.

ఎదురుగా లామ్ కూర్చున్నాడు, కియెన్ తమ్ముడు. గొంతు దాకా కోటు జిప్పు లాక్కుని, వెదురు గొట్టంలో పొగాకు దట్టించుకుంటూ, వదిన వైపు చూసి తల ఊపాడు. లామ్‌ని పెంచింది సగం లూవాయే. ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడు చెప్పుల్లేకుండా గట్టు మీద పరుగులు తీసే వయసులో ఉన్నాడు. వాడికి వండిపెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పెళ్ళికి కోటు కుట్టించింది. వీళ్ళందరి సంగతీ అలా ఉంచితే లామ్ తన పక్షం, అందులో ఆమెకి అనుమానమే లేదు.

"సరే, కానివ్వండి. ఎక్కడిదాకా వచ్చింది?" అంది లూవా.

క్వాంగ్ గొంతు సవరించుకున్నాడు. ఏ బ్రేకు వైరు మార్చాలి, ఎవరు అదనపు ట్యూబులు మొయ్యాలి, పొగమంచులో ఒకరికొకరు ఎంత ఎడం ఉండాలి, చివరి బండి ఎవరిది. ఇవన్నీ కియెన్ ఉన్న రోజుల్లో ఒక గ్లాసు టీ తాగే లోపల తేలిపోయే సంగతులు. ఈ మహానుభావులకి అప్పటికి మూడో సమావేశం. వీటిలో సగం ఇంకా తేలనేలేదు. కానీ తేలాల్సినవి కాస్త పక్కన పెట్టి పంచాంగం మాత్రం ముక్కముక్కలుగా నమిలేశారు. ఫలానా రోజు మంచిది కాదు, ఫలానా రోజు ఉత్తర దిక్కు మంచిది కాదు, ఫలానా రోజు దిక్కు మంచిదే కానీ గడియ మంచిది కాదు. ఎల్లుండి తెల్లవారాక ఒక గడియ మాత్రం దివ్యంగా ఉందట.

"మరి ముందు బండి?" అని అడిగింది లూవా.

"అదే అసలు విషయం" అన్నాడు క్వాంగ్, జేబులన్నీ తడుముకుంటూ. "ఏడాదిలో మొదటి ప్రయాణం కదా. ముందు నడిచేవాడి జాతకం మొత్తం బృందానికి తగులుతుంది. పన్నెండు జంతువుల లెక్కలో ఇది గుర్రం ఏడాది. నేను పుట్టింది ఎలక ఏడాదిలో. ఎలకకీ గుర్రానికీ పడదు, లేకపోతే నేనే నడిపేవాణ్ణి."

"ఎలక ముందు నడిస్తే ఏ మలుపులో కన్నం దొరికితే ఆ కన్నంలో దూరిపోతుంది. మనం వెనకాల వెతుక్కోవాలి" అన్నాడు తువే. ఎవరూ నవ్వలేదు.

"లామ్ పులి. పులికీ గుర్రానికీ బాగా పొసగుతుంది. అందుకని లామ్ ముందు. కానీ బండి..." క్వాంగ్ గొంతు తేనెలో ముంచి తీసినట్టయింది. "చెల్లెమ్మా, కియెన్ బండి పద్నాలుగేళ్ళు ముందు నడిచింది. ఒక్కరికీ గీత పడలేదు. అది అదృష్టం ఉన్న బండి. అది ముందుంటే కియెన్ మాతో ఉన్నట్టే. నువ్వు సరేనంటే చాలు."

ఆ బండి అక్కడే ఉంది, వరసలో మొదట. పాత సోవియట్ బండి, ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయింది. ఇంజన్ విప్పి బాగుచేస్తానని చలికాలం మొదట్లో లామ్ తీసుకెళ్ళాడు. బాగుచేశాడు కూడా, తుడిచి తళతళలాడేలా పెట్టాడు. దాని ముందు అప్పుడే ఒక కొత్త జెండా కట్టేసి ఉంది. అడగకముందే!

"తీసుకెళ్ళండి. బండి ఇంట్లో పడి ఉంటే తుప్పు పడుతుంది. నేను లామ్ వెనకాల కూర్చుంటాను" అంది లూవా.

లామ్ గొట్టం నీళ్ళు గుడగుడలాడించి, పొగ వదిలి, ఆ పొగలోనే మొహం దాచుకున్నాడు.

"అది కాదు చెల్లెమ్మా" అన్నాడు క్వాంగ్. "నీ పుట్టిన ఏడు... ఈ ఏటితో ఎలా ఉందో చూడాలి కదా."

"నేను కుక్క. పులి, గుర్రం, కుక్క ఒక జట్టు అని పోయినసారి కుక్క ఏట నువ్వే చెప్పావు. పెళ్ళి పందిట్లో పాఠం చెప్పినట్టు చెప్పావు, నాకు బాగా గుర్తు."

క్వాంగ్ వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, ఇంకో దారి పట్టాడు.

"అయినా లామ్ వెనకాల హాన్ కూర్చోవాలని ముందే అనుకున్నాం."

"సరే. తువే వెనకాల ఎవరూ లేరుగా, అక్కడ కూర్చుంటా."

తువే గింజలు నమలడం మానేశాడు. "నా బండి వెనక షాక్ అబ్జార్బర్ బాగోలేదక్కా. నీ నడుం..."

"నా నడుం సంగతి నేను చూసుకుంటాలే. పాతబళ్ళు బాగుచేసి అమ్మేవాడివి, నీ షాకు నీకే బాగోలేదా? ఊరు వింటే నీ బేరాలు ఏమవుతాయిరా?"

"పైన చలి విపరీతం అక్కా" అంది హాన్, గ్లాసులోంచి తలెత్తకుండానే. "రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకడుతున్నాయట. నువ్వు ఈమధ్య చాలా నీరసించిపోయావు."

"పద్నాలుగేళ్ళూ అక్కడ ఎండ కాసిందా?"

లూవాకి అర్థమైపోయింది. నిజానికి రోడ్డు దాటక ముందే తెలుసు. అయినా వీళ్ళు చెప్పాలి. ఒక్కొక్కరు ఒక్కో తడిక అడ్డం పెడుతున్నారు, వాతావరణం అట, నడుమట, షాకట. ఆకాశం తాకే కనుమ మీద ఒంటి చేత్తో బండి నడిపి ఫోటోలకి నవ్వే వీరులు వీళ్ళు! ఎదురుగా కూర్చున్న ఆడమనిషితో ఒక్క మాట సూటిగా చెప్పే దమ్ము ఒక్కడికీ లేదు. కియెన్ బండి కావాలి, కియెన్ పేరు కావాలి, కియెన్ అదృష్టం కావాలి. కియెన్ పెళ్ళాం మాత్రం వద్దు.

"చెప్పండి. అసలు సంగతి నోరు తెరిచి చెప్పండి. నేనేం కొరకను" అంది.

ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకున్నారు. చివరికి హాన్ నోరు విప్పింది. ఆవిడ కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఆవిడకి ఎప్పుడు కావాలంటే అప్పుడు సిద్ధంగా ఉంటాయి.

"అక్కా, ఏమీ అనుకోకు. ఏడాది మొదలు... మొదటి ప్రయాణం. నువ్వు మైలలో ఉన్నావు. నీ మీద కోపంతో కాదక్కా! అందరం పిల్లలు గలవాళ్ళం, కొండదారి, ఏదైనా జరిగితే..."

"అబ్బ, బయటపడింది" అంది లూవా. "ఇంతసేపు ఎందుకు ఆయాసపడ్డారు? నేను మైలలోనే ఉన్నాను. ఎవరు కాదన్నారు?" గుండె మీది నల్లగుడ్డని వేలితో తట్టింది. "మరి లామ్ మాటేమిటి? మొగుడు పోయినదానికే మైలా? అన్న పోయినవాడికి లేదా? ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ళేగా! నన్ను వెనక కూర్చోబెడితే అరిష్టం, వాణ్ణి ముందు నడిపిస్తే శుభమా? ఎవరింట్లో నేర్పారు మీకు ఈ లెక్క?"

గెలిచాననుకుంది. వాళ్ళ శాస్త్రంతోనే వాళ్ళని కొట్టింది. ఇక చచ్చినట్టు ఒప్పుకోవాలి. వదినని తీసుకెళ్ళకపోతే నేనూ రానని లామ్ అంటాడు, అనాలి, ఆ మాట కోసం వాడి వైపు చూసింది.

లామ్ తన వైపు చూడలేదు. అందరూ మాత్రం లామ్ కోటు వైపు చూశారు.

"లామ్, ఆ జిప్పు తియ్యి."

"చలిగా ఉంది వదినా."

"తియ్యరా."

వాడు తీశాడు. లోపల బూడిదరంగు స్వెట్టర్ ఉంది, శుభ్రంగా, కొత్తగా. దాని మీద ఏ గుడ్డముక్కా లేదు, పిన్నీసు గుచ్చిన కన్నం కూడా లేదు.

"ఎప్పుడు తీశావు?"

"పండక్కి ముందు..." లామ్ గొంతు గొణుగుడులా వచ్చింది. "వందోరోజు కార్యం అయిపోయింది కదా వదినా. గుడి వెనక మంత్రాల పెద్దాయన ఉన్నాడు. తొందరగా విడిచెయ్యాలంటే విడవొచ్చట. అన్న సమాధి దగ్గర అగరుబత్తి వెలిగించి, చదివించి, గుడ్డ అక్కడే కాల్చేశాం. తప్పేం కాదట. ఈ రోజుల్లో చాలామంది చేస్తున్నారు."

"కాల్చేశాం అంటున్నావు. ఎవరెవరు?"

క్వాంగ్ ఒక జేబు మూసి ఇంకో జేబు తెరిచాడు. తువే నది వైపు చూశాడు.

అంటే అందరూ. పండక్కి ముందే. తను ఇంట్లో ఒక్కతే కూర్చుని, ఎవరి గుమ్మం తొక్కితే ఎవరికి కీడో అని చుట్టాల ఇళ్ళకి కూడా వెళ్ళకుండా, జిగురు బియ్యపు బాన్ చుంగ్ ముక్కలు నూనెలో వేయించుకుని మూడు పూటలా అదే తింటూ పండగ వెళ్ళదీస్తుంటే, వీళ్ళందరూ కలిసి కియెన్ సమాధి దగ్గరికెళ్ళి కియెన్‌ని వదిలించుకుని వచ్చారు. పండగ మూడో రోజు లామ్ ఇంటికొచ్చి ఆమె వండింది తిని వెళ్ళాడు కూడా. అప్పుడూ ఇదే కోటు, గొంతు దాకా ఇదే జిప్పు. చలి అనుకుంది వెర్రిమొహంది, ఇంకో బొగ్గు కుంపటి తెచ్చి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

"ఓహో."

"అన్న కోసమే చేశాను వదినా. అన్న బండి ముందుండాలి కదా. వేరేవాడి చేతికి ఇవ్వడం ఇష్టం లేక..."

"అన్న కోసం అన్ననే వదిలేశావన్నమాట. ఎంత ప్రేమరా నీకు!"

లామ్ తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు పట్టుబడినప్పుడు కూడా ఇలాగే ఎర్రబడేవి. ఆ సంగతి గుర్తొచ్చినందుకు లూవాకి తన మీదే ఒళ్ళు మండింది.

అప్పుడు క్వాంగ్‌కి దివ్యమైన ఆలోచన వచ్చింది. మొహం వెలిగిపోయింది. ఆఫీసులో ఎవరికీ నష్టం లేని సంతకం దొరికినప్పుడు వెలిగినట్టు.

"చెల్లెమ్మా, ఇంత రభస ఎందుకు? నువ్వూ విడిచెయ్యి! రేపు పొద్దున్నే పెద్దాయన దగ్గరికి వెళ్దాం, అరగంట పని. గుడ్డ తీసేస్తే మాకు ఏ అభ్యంతరమూ లేదు. నువ్వు లామ్ వెనకాలే కూర్చోవచ్చు, హాన్ తువే వెనకాలకి వెళ్తుంది. ఏమంటారు?"

"అవునక్కా" అంది హాన్ కళ్ళు తుడుచుకుంటూ. "గుడ్డముక్కే కదా. మనసులో ఉంటే చాలదూ?"

"నా షాకు కూడా రేపటికి బాగైపోతుంది" అన్నాడు తువే.

లూవా చెయ్యి తనకి తెలియకుండానే పిన్నీసు దగ్గరికి వెళ్ళింది. సిగ్గుపడాల్సిన మాటే కానీ నిజం. గుడ్డముక్కే కదా అని ఆమెకీ అనిపించింది. నాలుగు వేళ్ళ వెడల్పు కూడా లేని నల్లగుడ్డ. అవతల కనుమ, లోయ, ఆ నది. పిన్నీసు తీస్తే ఎల్లుండి ఈపాటికి కొండల్లో ఉంటుంది. తియ్యకపోతే ఇక్కడే, ఈ జల్లులో, మళ్ళీ ఏడాది. మళ్ళీ ఏడాది వీళ్ళు ఏ కారణం వెతుకుతారో. కియెన్ అయితే ఏమనేవాడు? తీసి పారెయ్యవే, వెళ్ళు అనేవాడు. కచ్చితంగా అలాగే అనేవాడు.

కానీ వెళ్ళి ఏం చెయ్యాలి? లామ్ వీపుకి మొహం ఆనించి కూర్చోవాలి. ఆ కొత్త స్వెట్టర్ వీపుకి. మలుపు వస్తే కళ్ళు మూసుకుంటుంది. పద్నాలుగేళ్ళ అలవాటు, ఒక్కరోజులో పోతుందా? ఎవరి వెనక కూర్చున్నా మూసుకుంటుంది. హ్యాండిల్ పట్టుకున్నవాళ్ళకి మాత్రం ఆ సదుపాయం లేదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ తట్టనే లేదేం? రోజూ స్కూటర్ మీద బజారుకి వెళ్ళొచ్చేది తనే. స్కూటర్ చెడిపోయిన రోజుల్లో ఆ సోవియట్ బండిని కాలితో తన్ని స్టార్ట్ చేసి కూరగాయలు మోసుకొచ్చిందీ తనే. కొండదారి ఏమన్నా బృందం వాళ్ళ పెరడా?

చెయ్యి పిన్నీసు మీంచి తీసి ముందుకు చాపింది.

"తాళం ఇలా ఇవ్వు లామ్."

"వదినా..."

"నా మొగుడి బండి. తాళం."

లామ్ ఇచ్చాడు. లూవా లేచి బండి దగ్గరికి వెళ్ళి, ముందు ఆ జెండా ముడి విప్పి, మడతపెట్టి క్వాంగ్ ఒళ్ళో వేసింది. "ఇదిగో అన్నయ్యా, ఏదో ఒక జేబులో పెట్టుకో."

"చెల్లెమ్మా, ఆవేశపడకు! ముందు బండి లేకుండా మేమేం చెయ్యాలి?"

"ఎలక, పులి, పిల్లి, మీ ఇష్టం, ఎవరో ఒకరు నడపండి. మనుషులు మాత్రం మీలో లేరు కాబట్టి ఆ చిక్కు లేదు."

మొదటి తన్నుకి బండి దగ్గింది, రెండో తన్నుకీ దగ్గింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మూడో తన్నుకి నీలం పొగ కక్కుతూ అందుకుంది. ఆ పొగంతా మ్యాపు మీదకి పోయింది.

"వదినా, నేనూ వస్తాను" అన్నాడు లామ్ లేచి నిలబడి. కళ్ళలో నీళ్ళు. ఇవి హాన్ నీళ్ళ లాంటివి కావు, ఆమెకి తెలుసు. అయినా వాడి మీద జాలి పడే ఓపిక ఆ సాయంత్రం ఆమెకి లేదు.

"నువ్వు నా స్కూటర్ ఇంటికి తీసుకొచ్చి పెట్టు. జాగ్రత్తగా నడుపు, వెనక బ్రేకు వదులుగా ఉంది."

ఆమె వెళ్ళాక ఏం జరిగిందో మరునాటికి ఊరంతా తెలిసింది. తువే నవ్వించబోయాడట, కుదరలేదట. ఏడాది మొదట్లో చావు మాట, మైల మాట ఇంతసేపు నోట్లో నానాయి కాబట్టి ఇక ఏ గడియా మంచిది కాదని హాన్ తేల్చేసిందట. అసలు మైల అంత తొందరగా విడవడం వల్లే లామ్‌కి దోషం తగిలిందేమో, అలాంటివాడి వెనకాల బండి నడపడం ఎంతవరకు క్షేమం అని క్వాంగ్ సందేహం వెలిబుచ్చాడట. విడవమని చెప్పింది తనే అన్న ముక్క మాత్రం ఏ జేబులో పెట్టి మర్చిపోయాడో! చివరికి కొండల్లో బక్‌వీట్ చేలు పూసే శరత్కాలానికి వాయిదా వేసుకుని, కవచాలన్నీ బిగించుకుని, రెండు వీధులు దాటి ఎవరి ఇళ్ళకి వాళ్ళు క్షేమంగా చేరారట.

మరునాడు పంచాంగం ప్రకారం ప్రయాణానికి పనికిరాని రోజు. లూవా తెల్లవారుతూనే బయల్దేరింది. వెనక సీటుకి ఒక సంచి, వానకోటు, అదనపు ట్యూబు కట్టుకుంది. ఉత్తరం దారిలో ఊరి చివర పెట్రోల్ బంకు అప్పుడే తెరుస్తున్నారు. నడివయసు ఆవిడ ఒకతి బంకు ముందు ఊడుస్తోంది. లూవా తిన్నగా పంపు దగ్గరికి పోనిచ్చింది.

ఆవిడ చీపురు పక్కన పెట్టి వచ్చి, లూవా చొక్కా వైపు చూసి ఆగిపోయింది. ఒక క్షణం తటపటాయించి, సూటిగా మొహంలోకి చూసి అంది:

"ఏమనుకోకమ్మా. ఇవాళ ఇంకా బోణీ కాలేదు. మైలలో ఉన్నవాళ్ళతో బోణీ చెయ్యను నేను, నాకు భయం. ఒక్క బండి ఎవరిదైనా పొయ్యనీ, తరవాత నీదే."

లూవా తెల్లబోయింది. రాత్రంతా కూర్చుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. వచ్చి, ఒక్కటీ బయటికి రాలేదు. నలుగురు మేధావులు పీటల మీద కూర్చుని సాయంత్రమంతా మింగిన మాట ఈవిడ చీపురు పట్టుకునే చెప్పేసింది. వాతావరణం గొడవ లేదు, నడుం గొడవ లేదు.

"నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

"ఎందుకు, ఓనరుకి చెప్తావా?"

"కాదులే. బతికి ఉన్న మనిషిలా కనిపించావు, అందుకు అడిగాను."

ఆవిడకి అర్థం కాలేదు. అయినా లోపలికి వెళ్ళి పీట తెచ్చి వేసింది, ఆవిరి కక్కుతున్న చిలగడదుంప ఒకటి విరిచి సగం చేతిలో పెట్టింది. ఇద్దరూ నిలబడి, ఊదుకుంటూ తింటూ రోడ్డు వైపు చూశారు. కాసేపటికి పందుల్ని ఎక్కించిన లారీ ఒకటి వచ్చింది. దానికి డీజిల్ పోసి, డ్రైవర్‌ని పంపించి, ఆవిడ లూవాకి చెయ్యి ఊపింది.

"రా అమ్మా, ఇప్పుడు రా. నిండా పొయ్యనా?"

"నిండా పొయ్యి. ఆయిల్ కూడా కలపాలి, ఇది పాత బండి."

ఆవిడ ఆయిల్ కలిపి పోస్తూ, వెనక కట్టిన సంచి చూసి అడిగింది. "దూరమా?"

"మా పీ లెంగ్."

"అమ్మో! ఒక్కదానివేనా? మరి ఆ కనుమలో ముందు నడిచేవాళ్ళు?"

"నేనే."

ఆవిడ మూత బిగించి, బండి ముందు నుంచి గభాలున పక్కకి జరిగి దారిచ్చింది. లూవా కాలెత్తి ఒక్క తన్ను తన్నింది. బండి అందుకుంది. ముందు రోడ్డంతా జల్లు, పొగమంచు, ఆ లారీ వెళ్ళిన టైర్ల గుర్తులు. భయంతో ఆమె కళ్ళు వాటంతట అవే మూతబడబోయాయి. తెరిచింది, గేరు మార్చింది.